చింపిన సీరియళ్ళు, కుట్టిన నవలలు

వీక్లీలో వచ్చే సీరియల్‌ని వారం వారం చింపి దాచుకుని, ఆఖరి భాగం వచ్చాక కుట్టి నవల చేసుకోవడం ఒకప్పుడు తెలుగిళ్ళలో ఊరగాయ పెట్టుకున్నంత మామూలు పని. గూట్లోనో, ట్రంకు పెట్టె అడుగునో, బీరువా నెత్తి మీదో అలాంటివి కొన్ని ఉండని ఇల్లు మా బంధువుల్లో లేదు. పైన క్యాలెండరు అట్ట, వెన్నుకి చిరిగిన చొక్కా గుడ్డ, మీద చేత్తో రాసిన పేరు. షాపులో డబ్బిచ్చి కొన్న నవలలు రెండో మూడో కనబడితే అది బాగా చదువుకున్నవాళ్ళ ఇల్లని లెక్క. మిగతా వాళ్ళ లైబ్రరీ అంతా ఇలా కుట్టుకున్నదే. 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమాగా వచ్చిన కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ నేను చదివింది అచ్చు పుస్తకంలో కాదు. ఆంధ్రప్రభ వీక్లీలోంచి చింపి మా చిన్నమ్మమ్మ ఎప్పుడో కుట్టి పెట్టిన కట్టలో.

మా అమ్మమ్మగారిది తెనాలి. ‘చందమామ’, ‘యువ’ నడిపిన చక్రపాణిగారిది ఆ ఊరే కాబట్టి పత్రికల మాటొస్తే ఆ ఊళ్ళో వాళ్ళకి మనవాళ్ళవే అన్న ధీమా ఒకటుండేది. డెబ్భైల్లో ఎండాకాలం సెలవులకి మేం అక్కడికి వెళ్ళేసరికి మా పిన్ని ఏడాదంతా పోగేసిన కట్టలు దించి పెట్టుకుని మా కోసం కాచుకుని ఉండేది. పిన్ని ఎస్సెల్సీ పాసయింది. కాలేజీకి పంపలేదు, ఉద్యోగం చేస్తానంటే ఒప్పుకోలేదు, సంబంధాలు చూస్తున్నారు. ఆ ఇంట్లో తనదంటూ ఉన్నది ఈ పుస్తకాలే. పెళ్ళయి కాపురానికి వెళ్ళేటప్పుడు సారెతో పాటు ఒక ట్రంకు పెట్టె నిండా ఇవే పట్టుకెళ్ళింది. అత్తవారింట్లో పెట్టె మూత తీసి చూసినవాళ్ళు చీరలనుకున్నారట.

కుట్టడం చివరి పని. అంతకు ముందు జరిగే తతంగమే పెద్దది. వీధిలో అందరూ అన్ని పత్రికలూ కొనలేరు. మా ఇంటికి ప్రభ వచ్చేది, పక్కింటి అత్తయ్యగారు ఆంధ్రపత్రిక తెప్పించుకునేవారు, ఎదురింట్లో యువ. ఏజెంటు కుర్రాడు పడేసిన వీక్లీ ముందు మా ఇంట్లో మగవాళ్ళ చేతుల్లో ఒక చుట్టు తిరిగి, ఆ తర్వాత ఆడవాళ్ళ దగ్గరికొచ్చి, అక్కణ్ణించి గోడ దాటేది. దానికి బదులు అవతలి వీక్లీ ఇటొచ్చేది. మళ్ళీ ఆదివారం లోపల ఎవరిది వాళ్ళకి చేరాలి. పులిహోర నూనె మరక లేకుండా, పిల్లలు బొమ్మలకి మీసాలు పెట్టకుండా చేరాలి. అందరూ చదివారని రూఢి అయ్యాకే చింపడం. ఒకరికి అక్కర్లేని సీరియల్ ఇంకొకరికి కావాలి కదా, అందుకని “అత్తయ్యగారూ, మీ పత్రికలో అది మీరు దాచుకోవట్లేదుగా, ఆ కాగితాలు నాకిచ్చెయ్యండి, మా ప్రభలోది మీకిస్తాను” అని గోడ మీదుగా బేరాలు సాగేవి. ఈ బేరంలో డబ్బు మాట లేదు గానీ పట్టుదలకి మాత్రం లోటు లేదు.

అసలు చిక్కు కాగితానికి రెండు వైపులుండటం. ఒక సీరియల్ ఆఖరి పేజీ ఈ వైపు, ఇంకో సీరియల్ మొదటి పేజీ ఆ వైపు. రెండూ దాచుకునేవే. ఆ కాగితం ఏ పుస్తకంలోకి వెళ్ళాలి? పిన్నికి దీనికో పద్ధతుండేది. ఏ వైపు తక్కువ అచ్చుంటే ఆ వైపుది తెల్లకాగితం మీద చేత్తో ఎత్తి రాసి రెండో పుస్తకంలో పెట్టేది. ఒక్కోసారి నాలుగు లైన్లూ, కింద ‘సశేషం’ అన్న మాటా రాస్తే సరిపోయేది. ఒక్కోసారి పేజీ పేజీ అంతా రాయాల్సొచ్చేది. అలా రాసిన ఒక పేజీలో కథానాయిక కథానాయకుడికి పెట్టాల్సిన నాలుగు మాటలూ పెట్టి గది తలుపు ధడాలున వేసుకుంటుంది. చాలా ఏళ్ళ తర్వాత అదే నవల అచ్చు పుస్తకం దొరికితే ఆ చోటు వెతికి చూశాను. అసలు రచయిత్రి రాసిందాంట్లో ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళింది. తలుపు వేసింది మా పిన్ని.

వీక్లీ అందని వారాలుండేవి. వానలకి రైళ్ళు ఆగిపోయేవి, ఏజెంటు ఎగ్గొట్టేవాడు, ఎవరో ఊరెళుతూ బస్సులో చదువుకుంటానని పట్టుకుపోయేవారు. అప్పుడు ఆదుకునేది ‘జరిగిన కథ’. ప్రతి భాగం ముందూ నాలుగు వాక్యాల్లో వచ్చే ఆ సంగ్రహం మామూలుగా ఎవరూ చదవరు. మా ఇళ్ళలో మాత్రం అది తెగిపోయిన చోట వేసే అతుకు. మేం కుట్టిన ఒక నవలలో పెళ్ళి జరిగిన వారం లేదు. కిందటి భాగంలో కాదు కూడదంటున్న పిల్ల తర్వాతి పేజీకల్లా అత్తవారింట్లో ముగ్గు వేస్తుంటుంది. ఆ మధ్య ఏం జరిగిందన్నది మా ఇంట్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకునేవాళ్ళు.

కుట్టే రోజు పొద్దున్నే నడవా ఊడ్చి చాప పరిచేవాళ్ళం. పిల్లల వంతు పిన్నులు ఊడదీయడం. చాకు మొనతో పిన్ను కాళ్ళు పైకి లేపి, వెనక నుంచి లాగాలి. తొందరపడితే కాగితం చిరుగుతుంది, పాత పిన్నయితే తుప్పు మరక వేలికి అంటుతుంది. మడతలు పడ్డ మూలల్ని బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో ఒకసారి అదిమేవాళ్ళు. భాగాల నంబర్లు సరిచూసి, కట్టని రెండు చేతులా పట్టుకుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి గచ్చు మీద తట్టి సమం చేయడం మామయ్య పని. వీక్లీ కాగితాలు విడివిడిగా ఉంటాయి కాబట్టి మడతలో కుట్టడానికి వీల్లేదు, పక్క నుంచే కుట్టాలి. కట్టని చెక్క మీద పెట్టి, ఎడమ అంచుకి అరంగుళం లోపల మేకుతో మూడు చిల్లులు. సుత్తి ఎప్పుడూ కనబడేది కాదు, పచ్చడి బండే సుత్తి. రెండు పేటల నూలు దారానికి కొవ్వొత్తి రుద్ది దబ్బనానికి ఎక్కించి, నడిమి చిల్లులోంచి కిందికి దించి, పై చిల్లులోంచి పైకి తీసి, అక్కణ్ణించి పొడుగ్గా కింది చిల్లు దాకా లాగి, అందులోంచి దించి మళ్ళీ నడిమి చిల్లులోంచి పైకి తేవాలి. పొడుగ్గా పోయిన దారానికి అటొక కొస ఇటొక కొస వచ్చేలా పెట్టి బిగించి ముడి వేస్తే ఇక కదలదు. మధ్యలో కనీసం ఒక్కరన్నా దబ్బనం వేలికి గుచ్చుకుని “అబ్బా” అనాల్సిందే.

బంక మైదాపిండిది. చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, సెగ తగ్గించి, తెల్లదనం పోయి నిగనిగలాడే దాకా గరిటె ఆపకుండా తిప్పాలి. దింపే ముందు చిటికెడు మైలుతుత్తం. దాంతో బంకకి లేత నీలం వచ్చేది. మైలుతుత్తం లేకపోతే మైదా రుచికి వెండిచేపలూ చెదలూ ఏడాది తిరక్కుండా పుస్తకాన్ని జల్లెడ చేసేస్తాయి. అది విషం కాబట్టి ఆ సొట్టల అల్యూమినియం గిన్నె వంటింట్లోకి రాకూడదు, పెరట్లో జామచెట్టు మొదట్లో బోర్లించి ఉండాలి. వేళ్ళు నోట్లో పెట్టుకుంటే ఏమవుతుందో అమ్మమ్మ ఎంత వివరంగా చెప్పేదంటే, మేం భోజనాల వేళకి కూడా చేతులు కడిగి కడిగి వచ్చేవాళ్ళం.

అట్టలు చీరల పెట్టెలవి. అట్టకీ వెన్నుకీ మధ్య పెన్సిల్ పట్టేంత సందు వదలాలి. వదలకపోతే పుస్తకం తెరుచుకోదు, తెరిస్తే కుట్టు తెగుతుంది. చాలామంది ఇంటి బైండింగులు మొదటి ఏడాదే ఊడిపోయింది ఇందుకే. ఆ సందు మీదుగా గుడ్డ అతికి, లోపల తెల్లకాగితం అంటించి, పైన క్యాలెండరు బొమ్మ. లక్ష్మీదేవి బొమ్మ కాలి కిందకి వచ్చే చోట పెడతారా అని ఒకసారి గొడవయ్యాక మా ఇంట్లో ప్రకృతి దృశ్యాలే వాడేవాళ్ళు. కాబట్టి గుండెలు పగిలే కథలన్నింటికీ పైన స్విట్జర్లాండు మంచుకొండలే. తడి ఆరే దాకా సన్నికల్లు కింద ఒక రాత్రి. మర్నాడు అంచులు కోయించడానికి మామయ్య మెయిన్ బజారులో ఉన్న ఒక ట్రెడిల్ ప్రెస్సుకి తీసుకెళ్ళేవాడు. కోత మిషను చక్రం తిప్పగానే ఏడాదంతా ఎగుడుదిగుడుగా ఉన్న కట్ట ఒక్క దెబ్బతో పుస్తకమైపోయేది. ఆ కోతలో రాలిన సన్నటి కాగితప్పేలికలు కూడా మేం వదల్లేదు, సంచిలో వేసుకుని తెచ్చుకున్నాం. బొమ్మల కొలువులో గడ్డి అదే.

ఈ పద్ధతికి ఒక లోపం ఉంది. పక్క కుట్టు వేస్తే లోపలి అంచు అక్షరాలు కుట్టులోకి పోతాయి. ఎడమ పేజీలో లైను చివర, కుడి పేజీలో లైను మొదట ఒకటి రెండక్షరాలు ఊహించి చదువుకోవాలి. మాకు అది ఎంతగా అలవాటైపోయిందంటే, కొన్న పుస్తకాలు చదివేటప్పుడు అన్నీ ముందే చెప్పేస్తున్నట్టుండేది.

చందమామ విషయం వేరు. దాన్నెవరూ చింపరు. పన్నెండు నెలలవీ వరసగా పెట్టి, వపా గీసిన అట్టబొమ్మలతో సహా కుట్టేవాళ్ళు. ‘రాకాసిలోయ’, ‘మకరదేవత’ లాంటి సీరియళ్ళు రాసింది దాసరి సుబ్రహ్మణ్యంగారని పెద్దయ్యాక గానీ మాకు తెలియదు. పత్రికలో ఆయన పేరు వేసేవాళ్ళు కాదు. పిన్ని తన విషయసూచికలో సీరియల్ పేరు రాసి ఎదురుగా ‘చిత్రగారి బొమ్మలు’ అని మాత్రం రాసుకుంది. కొందరు ఆ బొమ్మల కోసమే కొనేవారు కాబట్టి అదీ సబబే.

సీరియల్ తీసేశాక మిగిలిన వీక్లీ కూడా పనికిమాలింది కాదు. మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ పేజీలు వేరుగా దాచి అమ్మమ్మ ఒక పుస్తకం కుట్టించింది. జుట్టు రాలిపోతుంటే ఏం చేయాలి, అత్తగారితో పడకపోతే ఏం చేయాలి అన్నవన్నీ అందులో ఒకే బిగిన ఉండేవి. దాన్ని మా ఇంట్లో మందుల పుస్తకం వాడినట్టే వాడేవాళ్ళు. బాపు కార్టూన్లు కత్తిరించి పాత పద్దు పుస్తకంలో అతికించుకోవడం మామయ్య సరదా. ఇక వంటింటి అలమారాల్లో పరచడానికి దినపత్రిక, డబ్బాల మూతల కింద బిగింపుకి దినపత్రిక, పరీక్షలైపోయాక నోటుపుస్తకాల్లో రాయని పేజీలు ఊడదీసి కుట్టుకునే రఫ్ నోటుకి అట్టగా వీక్లీ కవరు. స్కూలు పుస్తకాలకి అట్టలు వేయడానికి మాత్రం ఎవరికైనా ‘సోవియట్ భూమి’ కావాలి. ఆ దళసరి నునుపు కాగితం వానలో తడిసినా చీకిపోదు, తళతళ పోదు. ఏ గోధుమచేలోనో ట్రాక్టరు తోలుతున్న అమ్మాయి మా లెక్కల పుస్తకం మీద ఏడాది పొడుగునా నవ్వుతూ ఉండేది. ఆ పత్రిక తెప్పించుకునే కమ్యూనిస్టు మాస్టారింటికి జూన్ నెలలో పిల్లల తాకిడి ఎక్కువ. ఆయన సిద్ధాంతం కూడా నాలుగు ముక్కలు చెప్పి మరీ ఇచ్చేవారు. కాగితం కోసం అందరం వినేవాళ్ళం.

ఇంకా మిగిలిందాన్ని అమ్మమ్మ నానబెట్టేది. చిన్నచిన్న ముక్కలు చేసి తొట్టెలో నాలుగైదు రోజులు నాననిచ్చి, నీళ్ళు పిండి, నానిన మెంతులతో కలిపి రోట్లో రుబ్బేది. ఆ ముద్దని చాటకీ జల్లెడకీ సందులు పూడేలా మెత్తేది. లేదా బోర్లించిన గిన్నె మీద తడిగుడ్డ పరిచి దాని మీద మందంగా అద్ది ఎండబెట్టేది. గట్టిగా ఎండాక గిన్నె ఊడొచ్చేసి బుట్ట మిగిలేది. మెంతులు కలపడం అంటుకోవడానికీ, పురుగు పట్టకుండానూ. పసుపు పూసిన ఆ బుట్టల్లో వడియాలూ ఎండుమిరపకాయలూ పోసేవాళ్ళు. ఆ బుట్టని ఎండలో పట్టి చూస్తే గోడలో అక్కడక్కడ అక్షరాలు కనిపించేవి. పిన్ని ఒకసారి “ఒరేయ్, ఇటు రా, ఇక్కడ హీరో ఉన్నాడు చూడు” అని చూపించింది. సగం ముక్కు, ఒక బుగ్గ మీసం.

పాత కాగితాలవాడికి అమ్మేది చివరాఖరికి మిగిలిన దినపత్రికలే. వాడి తక్కెడ సంగతి అందరికీ తెలుసు కాబట్టి తూకం ఇంట్లో ముందే వేసి పెట్టుకునేవాళ్ళం. ఆ కాగితం కిరాణా కొట్లో పొట్లమై మళ్ళీ మా ఇంటికే వచ్చేది. పొట్లం విప్పి పప్పు డబ్బాలో పోసి, పురికొస ఉండకి చుట్టి, కాగితం చేత్తో సాపు చేసి తాతయ్య చదివేవారు. రెండు నెలల కిందటి వార్త అయినా ఆయనకి అభ్యంతరం లేదు. అప్పటికే తెలిసిన సంగతి కాబట్టి పత్రికవాళ్ళు ఎక్కడ తప్పు రాశారో పట్టుకోవచ్చు.

ఇదంతా పర్యావరణం మీద ప్రేమతో చేశారని ఎవరైనా రాస్తే నేను ఒప్పుకోను. అలాంటి మాటే అప్పట్లో మా వీధికి రాలేదు. కాగితం కొరత, డబ్బు కొరత, అన్నింటికీ మించి ఏమీ పారేయలేని చేతులు. పత్రికలవాళ్ళకే కాగితం రేషను మీద దొరికే కాలం అది. దినపత్రికలు పది పేజీలు దాటకూడదని ప్రభుత్వం పెట్టిన న్యూస్‌ప్రింటు నిబంధనని 1972లో సుప్రీంకోర్టు కొట్టేయాల్సొచ్చింది. ఆ పలచటి పత్రికల్లోంచే అలమారాలకీ పొట్లాలకీ బుట్టలకీ సరిపెట్టుకున్నారు. ఇంకో మాట, ఈ పొదుపులో సింహభాగం ఆడవాళ్ళ మధ్యాహ్నాలు. మామయ్య తట్టి సమం చేశాడు, ప్రెస్సుకి తీసుకెళ్ళాడు, పేరంతా ఆయనకే వచ్చింది. ఎత్తి రాసింది, ఉడకబెట్టింది, రుబ్బింది ఎవరో ఎవరూ అడగలేదు. అయినా పిన్నిని కష్టపడిందనడానికి నోరు రాదు. ఆ చాప మీద కూర్చున్నప్పుడు ఆమె ముఖంలో ఉన్న కళ పెళ్ళి ఫొటోలో లేదు.

ఈ అలవాటు ఒక్కరోజులో పోలేదు. సీరియల్ అయిపోవడం ఆలస్యం, విజయవాడ ప్రచురణకర్తలు అదే నవలని అచ్చేసి బజార్లో పెట్టడం మొదలుపెట్టారు. దాన్ని కొనక్కర్లేకుండా సందు చివర అద్దె పుస్తకాల షాపులు వెలిశాయి. ఆంధ్రభూమిలో ‘తులసిదళం’ వస్తున్నప్పుడు కూడా చింపి దాచినవాళ్ళున్నారు గానీ, అప్పటికే అది పట్టుదల తప్ప అవసరం కాదు. తర్వాత సీరియల్ అంటే టీవీలో చూసేది అయింది. దాన్ని ఎలా చింపుతారు? ప్రభ, పత్రిక వీక్లీలు ఆగిపోయాయి. సన్నికల్లు ఎలాగూ పోయింది, బరువు పెట్టడానికి ఇంట్లో రాయి కూడా లేదు.

ఇప్పుడా కుట్టిన కట్టల కోసం వెతుకులాట మొదలైంది. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీదో, విజయవాడ లెనిన్ సెంటర్లోనో అవి కనబడితే పాత పుస్తకాల పిచ్చివాళ్ళు అచ్చు నవలని వదిలేసి వీటినే తీసుకుంటారు. కారణముంది. నవల మళ్ళీ అచ్చయినప్పుడు వీక్లీలో వేసిన బొమ్మలు అందులోకి రాలేదు. పేజీ వెనకున్న తలనొప్పి మందు ప్రకటన రాలేదు, సినిమా ప్రకటన రాలేదు, పాఠకురాలి ప్రశ్న రాలేదు. 1918లో పెట్టిన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట్ల పాత పత్రికల్ని జాగ్రత్త చేశారు గానీ, ప్రతి పత్రికా ప్రతి వారం సంచికా ఏ ఒక్క లైబ్రరీలోనూ దొరకదు. కొన్ని ఇళ్ళల్లో దొరుకుతాయి, ఆ కాగితం మాత్రం మన కోసం ఆగదు. న్యూస్‌ప్రింటులో కలప గుజ్జుతో పాటు మిగిలిపోయే లిగ్నిన్ వెలుతురుకీ గాలికీ పసుపెక్కుతుంది, ఆ తర్వాత కాగితం పెళుసవుతుంది. పిన్ని కుట్టినవాటిలో దారం ఇప్పటికీ గట్టిగా ఉంది. కాగితమే దారం దగ్గర విరుగుతోంది.

కిందటేడు పాత పత్రికల్ని స్కాన్ చేస్తున్న కుర్రాడొకడు పిన్ని ఇంటికి వచ్చాడు. పుస్తకాలన్నీ కళ్ళకద్దుకున్నంత పని చేసి, చివర్లో నసిగాడు. లోపలి అంచు అక్షరాలు కుట్టులో ఉండిపోయాయి, స్కాన్‌లో పడవు, కుట్టు విప్పనిస్తే తప్ప లాభం లేదన్నాడు. పిన్నికి డెబ్భై దాటాయి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కాసేపు ఆ మంచుకొండల అట్ట వైపు చూసింది.

“విప్పుకో నాయనా” అంది. “కానీ చేత్తో రాసిన పేజీలున్నాయి చూడు, అవి స్కాన్ చెయ్యకు. కథ అక్కడ కొంచెం తేడాగా ఉంటుంది.”